తెల్ల ప్లాస్టిక్ కవచం: శిల్పమా, సామానా?

ఈ ఎపిసోడ్‌లో ఒక కవచం కథ చెప్పుకుందాం. దీన్ని ఏ రాజూ తొడుక్కోలేదు. ఇది ఏ యుద్ధంలోనూ ఒక్క దెబ్బ కూడా ఆపలేదు. పల్చటి ప్లాస్టిక్‌తో చేసిన సినిమా కవచం. అయినా సరే, దీని మీద అమెరికాలో ఒక కోర్టు, ఇంగ్లండ్‌లో మూడు కోర్టులు తీర్పులు చెప్పాల్సి వచ్చింది.

1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చూసినవాళ్లకి స్టార్మ్‌ట్రూపర్లు గుర్తుంటారు. ఒంటినిండా తెల్ల కవచం, నెత్తిన తెల్ల హెల్మెట్, నల్లటి కళ్లు. సామ్రాజ్య సైనికులన్నమాట. ఊహ జార్జ్ లూకాస్‌ది. ఆ ఊహకి రాల్ఫ్ మెక్వారీ బొమ్మలు గీశాడు. సినిమా పని చాలావరకు ఇంగ్లండ్‌లో జరుగుతోంది కాబట్టి, ఆ బొమ్మలు చూసి నిక్ పెంబర్టన్ అనే కళాకారుడు మట్టితో హెల్మెట్ నమూనా చేశాడు. ఒంటి కవచానికి మట్టి నమూనా చేసింది బ్రయాన్ మ్యూర్.

మట్టి నమూనా పెట్టుకుని షూటింగ్ చెయ్యలేం కదా. అప్పుడు పెంబర్టన్ తన స్నేహితుడు ఆండ్రూ ఐన్స్‌వర్త్ దగ్గరికి వెళ్లాడు. ప్లాస్టిక్ అచ్చుపనిలో ఇతను చెయ్యి తిరిగినవాడు. ప్లాస్టిక్ రేకుని వేడిచేసి మెత్తబరిచి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తే రేకు అచ్చుకి అతుక్కుపోయి ఆ ఆకారం వచ్చేస్తుంది. బిస్కెట్ ప్యాకెట్‌లో ఉండే పల్చటి ట్రే చూశారుగా, అదీ ఇలాంటి పద్ధతిలోనే తయారవుతుంది. ఐన్స్‌వర్త్ కొన్ని నమూనాలు చేసి చూపించాడు. లూకాస్ సరే అన్నాక, 1976లో 50 హెల్మెట్లు చేసిచ్చాడు. పని అయిపోయింది, అందరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

ఆ తర్వాత సినిమా ఎంత ఆడిందో మీకు తెలుసు. అయితే టికెట్ల డబ్బు ఒక్కటే కాదు, బొమ్మలు, దుస్తులు, హెల్మెట్లు అమ్ముకునే హక్కులు కూడా లూకాస్ తన చేతిలోనే పెట్టుకున్నాడు. 1977 క్రిస్మస్ నాటికి కెన్నర్ కంపెనీ బొమ్మలు ఇంకా తయారుకాలేదు. అయినా జనం ఆగలేదు. బొమ్మలు తర్వాత పంపుతామని రాసిన కాగితం ఉన్న పెట్టెని డబ్బిచ్చి కొనుక్కున్నారు! ప్లాస్టిక్ ఖరీదు ఎంత, దాని వెనకున్న కథ ఖరీదు ఎంత అనేది ఇక్కడే తెలిసిపోతుంది.

ఇక 2004కి వద్దాం. ఐన్స్‌వర్త్ మళ్లీ హెల్మెట్లు, కవచాలు తయారుచేసి ఇంటర్నెట్‌లో అమ్మడం మొదలుపెట్టాడు. ఆ నాటి హెల్మెట్లు చేసిన చేతులే ఇవీ చేశాయంటే అభిమానులు ఊరుకుంటారా? కొన్నారు. అమెరికాలో అమ్మింది ఎంతో కాదు, 8,000 డాలర్లకి తక్కువ కాకుండా, 30,000 డాలర్లకి మించకుండా. లూకాస్‌ఫిల్మ్ కాలిఫోర్నియాలో కేసు వేసింది. ఐన్స్‌వర్త్ ఆ కోర్టులో వాదించలేదు. 2006లో తీర్పు వచ్చింది: 2 కోట్ల డాలర్లు కట్టాలి!

ఆ డబ్బు వసూలు కావాలంటే కేసు ఇంగ్లండ్ వెళ్లాలి. అక్కడ అసలు ప్రశ్న ఇది: ఈ హెల్మెట్ శిల్పమా, కాదా? శిల్పం అయితే కాపీరైట్ చేసినవారి జీవితకాలం, ఆ పైన 70 ఏళ్లు. మామూలు వస్తువు డిజైన్‌కైతే అంతకాలం రక్షణ ఉండదు.

2008లో హైకోర్టు జడ్జి మాన్ చెప్పిన ఉదాహరణ నాకు బాగా నచ్చింది. ఇటుకల కుప్పని మ్యూజియంలో కళగా ప్రదర్శిస్తే అది శిల్పం కావచ్చు. అవే ఇటుకలు ఇల్లు కట్టుకోడానికి వాకిట్లో పోయించుకుంటే? ఇటుకలే. వస్తువు దేనికోసం చేశారన్నది ముఖ్యం. హెల్మెట్ చేసింది సినిమా తియ్యడానికి. కాబట్టి కళాఖండం సినిమా, హెల్మెట్ దానికి వాడిన సామాను. 2009లో అప్పీలు కోర్టు, 2011 జూలై 27న సుప్రీంకోర్టు ఇది శిల్పం కాదనే అన్నాయి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పనివాడు గెలిచాడు, హెల్మెట్ అతనిదే అని కోర్టు చెప్పింది అనుకుంటారు. అలా చెప్పలేదు. తనకే కాపీరైట్ ఉందన్న ఐన్స్‌వర్త్ వాదనని కోర్టు కొట్టేసింది. హక్కంటూ ఏదైనా ఉంటే అది చేయించుకున్నవాళ్లదే అంది. కానీ ఇంగ్లండ్ చట్టంలో దానికి శిల్పం హక్కే లేదు కాబట్టి, అక్కడ చేసి అమ్ముకోవచ్చు. అమెరికా కోర్టు తీర్పు ఇంగ్లండ్‌లో అమలుకాలేదు. అయితే అమెరికాలో అమ్మినందుకు అక్కడి కాపీరైట్ ప్రకారం ఇంగ్లండ్ కోర్టులోనే జవాబు చెప్పుకోవాలని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మేరకు లూకాస్ గెలిచాడు. మరుసటి ఏడాదే డిస్నీ లూకాస్‌ఫిల్మ్‌ని 400 కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొనుక్కుంది.

మరి ఇది మనకెందుకు అంటారా? పౌరాణిక నాటకాలకి, సినిమాలకి కిరీటాలు, భుజకీర్తులు, గదలు చేసేవాళ్లు మన దగ్గర తరతరాలుగా ఉన్నారు. మన 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ఏమంటుందంటే, రిజిస్టర్ చెయ్యడానికి వీలున్న డిజైన్‌ని రిజిస్టర్ చెయ్యకుండా, హక్కుదారుడు గానీ అతని అనుమతితో ఇంకొకరు గానీ యంత్రపద్ధతిలో 50కి మించి ప్రతులు తీస్తే, ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. రిజిస్టర్ చేస్తే 2000 నాటి డిజైన్ల చట్టం కింద మొదట పదేళ్లు, ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు రక్షణ ఉంటుంది.

అందుకే, చేతిపని నమ్ముకున్నవాళ్లకి ఈ కథ నుంచి నేను చెప్పేది ఒక్కటే. కొత్త ఆకారం ఏదైనా కుదిరితే, దాన్ని సంతలో పెట్టకముందే రిజిస్టర్ చేయించుకోండి. ఎవరికైనా చేసిస్తున్నప్పుడు, అచ్చు ఎవరిది, మళ్లీ చేసి అమ్ముకోవచ్చా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఐన్స్‌వర్త్, లూకాస్ ఇద్దరూ 1976లో ఆ ఒక్క కాగితం రాసుకుని ఉంటే, ఇన్ని కోర్టులు తిరగాల్సిన పని ఉండేది కాదేమో.