పట్టా వేరు, అర్హత వేరు: ముదగల్ ప్రాంత పీజీ విద్యార్థులు తెలుసుకోవలసిన నియమాలు

రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని ముదగల్ కోటకు ఎంతటి చరిత్ర ఉన్నదో, ఆ పరిసర గ్రామాల ఉన్నత విద్యకూ అంతటి ప్రయాణ చరిత్ర ఉన్నది. నిజాం పాలనలో ఈ ప్రాంతం హైదరాబాదు సంస్థానంలోనిది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమే నాడు ఆ సంస్థానపు విద్యాపీఠం. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం ఏర్పడింది. యరగేర వద్ద దానికి ఉన్న స్నాతకోత్తర కేంద్రం ఆధారంగా రాయచూరు, యాదగిరి జిల్లాల కొరకు రాయచూరు విశ్వవిద్యాలయం ఏర్పడి, 2021లో పని ప్రారంభించింది.

చదువు ఇంటికి సమీపించిందనుట నిజమే. అయితే పీజీలో చేరిన విద్యార్థి కేవలం ఉత్తీర్ణుడైతే చాలునన్న అభిప్రాయం గ్రామీణ కుటుంబాలలో నేటికీ బలంగా ఉన్నది. పట్టా పొందుటకు కావలసిన మార్కులు వేరు. ఆ పట్టాతో అధ్యాపక వృత్తికి గాని, పరిశోధనకు గాని వెళ్ళుటకు కావలసిన మార్కులు వేరు. ఈ భేదం రెండేళ్ళ చదువు ముగిసిన పిదప తెలిసినచో ప్రయోజనం స్వల్పం. కనుక ఆ నియమాలు ఇక్కడ వరుసగా వివరింపబడుచున్నవి.

హాజరు: మొదటి గడప

పీజీ కోర్సు సెమిస్టర్ల పద్ధతిలో సాగుతుంది. మూడేళ్ళ డిగ్రీ చదివినవారికి రెండేళ్ళు, అనగా నాలుగు సెమిస్టర్లు. కర్ణాటక ప్రభుత్వం 2024లో నాలుగేళ్ళ డిగ్రీని విడిచి మూడేళ్ళ డిగ్రీకి మరలినందున, ఇప్పుడు డిగ్రీలో చేరే విద్యార్థులకు సాధారణంగా రెండేళ్ళ పీజీయే వర్తిస్తుంది.

విశ్వవిద్యాలయాలు సాధారణంగా 75 శాతం హాజరును కోరుతాయి. ఒక సెమిస్టరులో 80 రోజులు తరగతులు జరిగితే 60 రోజులు హాజరు కావలెను. అంటే 20 రోజులకు మించి మానరాదు. వరి నాట్లు, పత్తి తీతల కాలంలో పిల్లలను పొలం పనికి పిలిచే కుటుంబాలు ఈ లెక్కను ముందే వేసుకొనుట మంచిది. హాజరు చాలని విద్యార్థికి పరీక్ష వ్రాయు అర్హతయే ఉండదు. ఎంత చదివినా ఆ సెమిస్టరు వృథా కాగలదు. అనారోగ్య కారణంగా మినహాయింపు కోరదలచినవారు వైద్య ధ్రువపత్రమును ఆ సమయంలోనే విభాగాధిపతికి సమర్పించవలెను.

క్రెడిట్లు, గ్రేడ్లు: లెక్క ఎట్లు?

విశ్వవిద్యాలయ అనుదాన సంఘం, అనగా యూజీసీ, సూచించిన పది పాయింట్ల పద్ధతిలో 'ఓ' గ్రేడుకు 10, 'ఏ ప్లస్'కు 9, 'ఏ'కు 8, 'బి ప్లస్'కు 7, 'బి'కి 6, 'సి'కి 5, 'పి'కి 4 పాయింట్లు. తప్పినవారికి, పరీక్షకు రానివారికి సున్న. ప్రతి పేపరుకు కొన్ని క్రెడిట్లు ఉంటాయి. పాయింట్లను క్రెడిట్లతో హెచ్చవేసి, ఆ మొత్తమును క్రెడిట్ల సంఖ్యతో భాగించగా వచ్చునదే సెమిస్టరు సగటు.

ఉదాహరణకు ఒక్కొక్కటి 4 క్రెడిట్ల చొప్పున అయిదు పేపర్లలో విద్యార్థికి 8, 7, 6, 6, 5 పాయింట్లు వచ్చినవనుకొందము. పాయింట్ల మొత్తం 32. నాలుగుతో హెచ్చవేయగా 128. 20 క్రెడిట్లతో భాగించగా సగటు 6.4. చివరి పేపరు తప్పి 5కు బదులు సున్న వస్తే సగటు 5.4కు పడిపోతుంది. ఒక్క పేపరు తప్పినందువలన కలుగు నష్టం ఇంతటిది.

ప్రతి పేపరులో ఎన్ని మార్కులు రావలెను, మొత్తం సగటు ఎంత ఉండవలెను, తప్పిన పేపర్లతో తదుపరి సంవత్సరంలోకి వెళ్ళవచ్చునా, మార్కుల మెరుగుదలకు మరల పరీక్ష వ్రాయవచ్చునా అను నాలుగు విషయాలు విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతాయి. చేరిన సంవత్సరానికి వర్తించే నియమావళి ప్రతిని మొదటి నెలలోనే తీసుకొనవలెను. పై తరగతి విద్యార్థి చెప్పిన మాట అతడు చేరిన ఏటి నియమం కావచ్చును.

గడువు విషయంలో యూజీసీ 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం కోర్సు కాలానికి అదనంగా సాధారణంగా రెండేళ్ళు, అసాధారణ పరిస్థితులలో మరొక ఏడు ఇవ్వవచ్చును. అదనపు కాలంలో విద్యార్థిని ప్రైవేటు అభ్యర్థిగా పరిగణిస్తారు; ర్యాంకుకు అర్హత ఉండదు.

55 శాతం: అసలు గీత

యూజీసీ నెట్ పరీక్షకు పీజీలో 55 శాతం మార్కులు ఉండవలెను. షెడ్యూల్డు కులాలు, తెగలు, క్రీమీలేయరుకు చెందని వెనుకబడిన వర్గాలు, దివ్యాంగులు, తృతీయ ప్రకృతి వారికి 50 శాతం చాలును. ఇక్కడ మార్కులను పై అంకెకు సవరించుట లేదు. పీజీ మొత్తం మార్కులు 1600 అయితే 55 శాతం అనగా 880. ఆ సడలింపు లేని విద్యార్థికి 879 వస్తే అది 54.94 శాతం మాత్రమే. అతనికి పట్టా వస్తుంది, నెట్ అర్హత రాదు.

చివరి సంవత్సరపు విద్యార్థులు కూడా నెట్ వ్రాయవచ్చును. అయితే నెట్ ఫలితం వెలువడిన నాటి నుండి రెండేళ్ళలోగా నిర్ణీత శాతంతో పీజీ పూర్తి చేయనిచో ఆ ఉత్తీర్ణత చెల్లదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి 1 నుండి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరువాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు నిర్ణయింపబడినవి. ఒక్క మార్కు కొరతతో ఒక గ్రామీణ కుటుంబం కోల్పోవునది ఎంతటిదో ఈ అంకెలే చెప్పగలవు.

వెనుకబడిన వర్గాల సడలింపునకు కేంద్ర జాబితా ప్రమాణం. కర్ణాటకలోని ప్రవర్గ-1, 2ఏ, 2బి, 3ఏ, 3బి విభజన రాష్ట్రానికి సంబంధించినది. కనుక కేంద్ర నమూనాలోని ధ్రువపత్రమును వేరుగా తీసుకొనవలెను.

పీహెచ్‌డీ నియమాలు

యూజీసీ 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం పీజీ చేసినవారికి పీహెచ్‌డీ ప్రవేశానికి 55 శాతం లేదా తత్సమాన గ్రేడు ఉండవలెను. షెడ్యూల్డు కులాలు, తెగలు, క్రీమీలేయరుకు చెందని వెనుకబడిన వర్గాలు, దివ్యాంగులతో పాటు ఆర్థికంగా వెనుకబడినవారికి కూడా ఇక్కడ 5 శాతం సడలింపు ఉన్నది. కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు. దానిలోనూ 55 శాతం రావలెను. వ్యవధి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. పునర్నమోదుతో మరి రెండేళ్ళు లభింపవచ్చును. స్త్రీలకు, 40 శాతం మించిన వైకల్యం గలవారికి అదనంగా రెండేళ్ళ సడలింపు ఉన్నది. మహిళా పరిశోధకులకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇవ్వవచ్చును. వివాహమైన కుమార్తెలు చదువు మానవలసిన అగత్యం లేదని తల్లిదండ్రులు గ్రహించవలెను. దూరవిద్య ద్వారా పీహెచ్‌డీ చెల్లదు.

సరిహద్దు దాటునప్పుడు

ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలు తరచుగా పొరబడునది ఇచటనే. తెలుగు మాతృభాష అయినంత మాత్రమున తెలంగాణలో గాని, ఆంధ్రప్రదేశ్‌లో గాని స్థానికత లభించదు. రాజ్యాంగపు 371-డి అధికరణం క్రింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. ఆ స్థానికత ప్రధానంగా నాలుగేళ్ళ చదువును లేదా నివాసాన్ని బట్టి నిర్ణయింపబడినది. ఆ మీదట ఉభయ రాష్ట్రాలలో నియమాలు మారుచున్నందున, ఆ ఏటి ప్రవేశ ప్రకటనను చూచుకొనక తప్పదు.

కర్ణాటక వైపు 371-జె అధికరణం 2012 నాటి 98వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. నాటి హైదరాబాద్-కర్ణాటక, 2019 నుండి కల్యాణ కర్ణాటక అని పిలువబడుచున్న ప్రాంతంలోని విద్యాసంస్థలలో 70 శాతం సీట్లు, రాష్ట్రస్థాయి సంస్థలలో 8 శాతం సీట్లు ఈ ప్రాంతీయులకు కేటాయింపబడినవి. దీనికి సహాయ కమిషనరు ఇచ్చు అర్హతా పత్రం అవసరం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల మార్గం వేరు. కలబురగి జిల్లా కడగంచిలోని కర్ణాటక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పీజీ ప్రవేశాలకు జాతీయస్థాయి సీయూఈటీ-పీజీ పరీక్ష ఉన్నది.

ఉద్యోగం విషయంలో మరొక చిక్కు ఉన్నది. 2002 జూన్ 1 తరువాత జరిగిన రాష్ట్రస్థాయి సెట్ పరీక్షలో ఉత్తీర్ణత ఆ రాష్ట్రంలోని నియామకాలకే చెల్లుతుంది. కర్ణాటక కె-సెట్ ఉత్తీర్ణతతో కర్నూలులోనో, గద్వాలలోనో సహాయాచార్య పదవికి అర్హత రాదు. నెట్ మాత్రం దేశమంతటా చెల్లుతుంది. సరిహద్దు గ్రామాల విద్యార్థికి సెట్‌తో పాటు నెట్ కూడా వ్రాయుట శ్రేయస్కరం.

దాచుకొనవలసిన పత్రాలు

ప్రతి సెమిస్టరు మార్కుల జాబితా, నియమావళి ప్రతి, గ్రేడును శాతంగా మార్చు సూత్రమును తెలుపు విశ్వవిద్యాలయ పత్రం, వేరొక విశ్వవిద్యాలయానికి వెళ్ళునప్పుడు మైగ్రేషన్ పత్రం, 371-జె అర్హతా పత్రం, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అసలు ప్రతులుగా భద్రపరచవలెను. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి పేరు పదవ తరగతి పత్రంలో ఉన్నట్లే నమోదైనదో లేదో సరిచూచుకొనవలెను. కన్నడంలోనూ తెలుగులోనూ ఇంటిపేరు వేరువేరుగా వ్రాయు ఆచారమున్న కుటుంబాలు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించవలెను.

విద్యార్థి మొదటి సెమిస్టరు ఫలితంతో ఇంటికి వచ్చినప్పుడు "పాసయ్యావా" అని అడుగుటతో తల్లిదండ్రులు ఆగరాదు. హాజరు ఎంత, సగటు ఎంత, 55 శాతానికి ఎంత దూరం అని అడుగవలెను. అప్పటికి ఇంకను మూడు సెమిస్టర్లు మిగిలియుండును గనుక, కొరత ఉన్నచో పూరించుకొనుటకు అదియే తగిన సమయం.