డోడర్‌లైన్ బాక్టీరియా: ఒక పరిశీలన వెనుకటి చరిత్ర

పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా ప్రసూతి ఆసుపత్రులను వణికించిన జబ్బు సూతికా జ్వరం, అంటే కాన్పు అయిన కొద్ది రోజులకే గర్భాశయంలో మొదలై రక్తానికి పాకి బాలింత ప్రాణం తీసే అంటుజ్వరం. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ వైద్యుల చేత క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో చేతులు కడిగించి ఆ మరణాలను బాగా తగ్గించారు. 1879లో పారిస్ వైద్య అకాడమీలో లూయీ పాశ్చర్ ఆ జ్వరానికి కారణమైన గొలుసుకట్టు సూక్ష్మజీవిని నల్లబల్ల మీద గీసి చూపారు. రోగకారకం వైద్యుని చేతుల మీదుగా బయటి నుంచి వస్తుందని తేలినా, గర్భిణి యోనిలో ముందుగానే కాపురమున్న సూక్ష్మజీవులకూ ఇందులో పాత్ర ఉందేమోనన్న అనుమానం పోలేదు. ఆ అనుమానంతోనే చాలా ఆసుపత్రుల్లో కాన్పుకు ముందు యోనిని కార్బాలిక్ ఆమ్లంతోనో పాదరస లవణాల ద్రావణంతోనో కడిగేవారు.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో పనిచేస్తున్న ప్రసూతి వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లో ప్రచురించిన గ్రంథం ఈ అనుమానాన్నే పరీక్షకు పెట్టింది. గర్భిణుల యోనిస్రావాన్ని సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు, ఆరోగ్యంగా ఉన్నవారిలో దాదాపు ఒకే రకపు కడ్డీ ఆకారపు బాక్టీరియా గుంపులుగా కనిపించింది. దాన్ని విడదీసి పెంచితే అది లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, ఆ ఆమ్లం ఉన్నచోట చీము పుట్టించే స్టెఫిలోకాకస్ బతకలేకపోయింది. పాలను పెరుగుగా మార్చే బాక్టీరియాకు దగ్గరి బంధువైన ఈ జీవికి చాలాకాలం ఆయన పేరే నిలిచింది. అదే నగరంలో కార్ల్ మెంగే, బెర్న్‌హార్డ్ క్రోనిగ్‌లు 1897 నాటి తమ గ్రంథంలో యోనికి తనను తాను శుభ్రపరచుకునే శక్తి ఉందని వాదించారు. తరువాతి పరిశోధకులు దాని వెనుక ఉన్న క్రమాన్ని పూర్తిచేశారు: ఈస్ట్రోజెన్ హార్మోను ప్రభావంతో యోనిగోడ కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వచేరుతుంది, అది విచ్ఛిన్నమై వచ్చే చక్కెరలను తిని ఈ బాక్టీరియా ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, దాంతో అక్కడి పిహెచ్ సుమారు 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. రజస్వల కాకముందూ ముట్లుడిగిన తరువాతా ఈ రక్షణ పలచగా ఉండటానికి కారణం ఆ హార్మోను తక్కువగా ఉండటమే.

ఇంత స్పష్టమైన పరిశీలన స్త్రీల దైనందిన జీవితంలోకి చేరకపోవడం ఈ చరిత్రలో అతి విచారకరమైన భాగం. 1920ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు అమెరికా పత్రికల్లో లైసాల్ అనే క్రిమిసంహారక ద్రవాన్ని యోనిని కడుక్కోవడానికి వాడమంటూ, భర్త ప్రేమ చేజారకుండా ఉండాలంటే ఇది తప్పనిసరి అన్నట్లుగా ప్రకటనలు వెలువడ్డాయి. గర్భనిరోధకం పేరు బాహాటంగా ఎత్తలేని కాలంలో చాలామంది దాన్ని అందుకోసమూ వాడారు. నేల తుడిచే మందు లోపలి పొరను కాల్చడమే కాక కాపలా ఉన్న బాక్టీరియానూ తుడిచిపెట్టింది.

వైద్యశాస్త్రం కూడా మరో దారిలో పొరబడింది, ప్రతి స్రావానికీ ఒక్క శత్రుజీవిని వెతకడం దాని అలవాటైంది. 1955లో హ్యూస్టన్ వైద్యులు హెర్మన్ గార్డ్‌నర్, చార్లెస్ డ్యూక్స్‌లు చేపవాసన గల పలచని స్రావంతో బాధపడే స్త్రీలలో ఒక చిన్న కడ్డీ బాక్టీరియాను కనుగొన్నారు. అది యోనిగోడ నుంచి రాలిన కణాల మీద దట్టంగా అంటుకోవడంతో ఆ కణాల అంచులు చెరిగిపోయి, ఇసుక చల్లినట్లు గరుకుగా కనిపించేవి. గార్డ్‌నరెల్లాగా తరువాత ప్రసిద్ధమైన ఈ బాక్టీరియాయే కారణమని నిరూపించడానికి వారు ఆరోగ్యవంతులైన స్త్రీల శరీరంలోకి దాన్ని ప్రవేశపెట్టారు, ఈనాటి నైతిక ప్రమాణాలకు నిలవని ప్రయోగమిది. శుద్ధమైన బాక్టీరియాను ఇచ్చిన 13 మందిలో ఒక్కరికే జబ్బు వచ్చింది, రోగుల స్రావాన్ని నేరుగా ఇచ్చిన 15 మందిలో 11 మందికి వచ్చింది. ఒక్క జీవి చాలదనీ, మొత్తం సముదాయం మారితేనే జబ్బు పుడుతుందనీ ఆ అంకెల్లోనే ఉన్నా, దాన్ని అందరూ అంగీకరించడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది. కాపలా బాక్టీరియా తగ్గి, ప్రాణవాయువు అక్కర్లేని అనేక జాతులు పెరిగిపోయే ఈ స్థితినే నేడు బాక్టీరియల్ వజైనోసిస్ అంటున్నారు. 1983లో రిచర్డ్ ఆమ్సెల్ బృందం దాన్ని గుర్తించే నాలుగు లక్షణాలను స్థిరపరచింది.

జన్యుపరీక్షలు వచ్చాక డోడర్‌లైన్ చూసింది ఒక్క జాతి కాదని, క్రిస్పాటస్, గాసెరీ, జెన్సెనీ, ఇనర్స్ వంటి పలు లాక్టోబాసిల్లస్ జాతులని తేలింది. 2011లో జాక్ రవెల్ బృందం ఏ బాధా లేని 396 మంది ఉత్తర అమెరికా స్త్రీలను పరీక్షించగా, సుమారు నాలుగో వంతు మందిలో లాక్టోబాసిల్లస్ ప్రధానంగా లేదు. ఆరోగ్యానికి ఒకే కొలమానం గీయడం తొందరపాటన్న హెచ్చరిక అందులో ఉంది. అయితే సమతౌల్యం చెడితే నష్టం లేకపోలేదు: 1995లో పదివేలకు పైగా గర్భిణులను పరిశీలించిన అధ్యయనం నెలలు నిండకుండా తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ప్రమాదం వజైనోసిస్ ఉన్నవారిలో ఎక్కువని చూపింది, హెచ్ఐవీ సోకే అవకాశమూ పెరుగుతుందని ఇతర అధ్యయనాలు తెలిపాయి.

తెలంగాణకు ఆనుకొని ఉన్న గడ్చిరోలి జిల్లాలో రాణీ బంగ్ బృందం 1989లో ప్రచురించిన సర్వేలో రెండు గ్రామాలలోని 650 మంది స్త్రీలలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీసంబంధ వ్యాధి ఉందని తేలింది, అంతకుముందు వైద్యపరీక్ష జరిగినవారు 8 శాతమే. తెలుగు ఇళ్లలోనూ తెల్లబట్ట అవుతోందని అత్తగారికో అక్కకో గుసగుసగా చెప్పి ఊరుకోవడమే ఎక్కువ. సిగ్గు చికిత్సకు అడ్డంకిగా నిలిచిన ఈ పరిస్థితిని వ్యాధి లక్షణాలతో సమానంగా లెక్కించవలసి ఉంది.

మెట్రోనిడజోల్ మందుతో జబ్బు తగ్గినా చాలామందిలో కొద్ది నెలలకే తిరగబెడుతుంది. అందుకే క్రిస్పాటస్‌ను యోనిలో తిరిగి నాటే ప్రయత్నం మొదలైంది, 2020లో వెలువడిన ఫలితాల్లో దాన్ని వాడినవారిలో 30 శాతం మందికి, ఉత్తుత్తి మందు వాడినవారిలో 45 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. రోగుల భర్తల మూత్రనాళంలోనూ గార్డ్‌నరెల్లా కనబడిందన్న గార్డ్‌నర్ మాట, పురుషులకు మాత్రలిచ్చి చేసిన తొలి ప్రయత్నాలు విఫలం కావడంతో మరుగున పడింది. 2025లో మెల్‌బోర్న్ పరిశోధకులు 164 జంటలతో జరిపిన ప్రయోగంలో పురుషులకు మాత్రలతో పాటు పూతమందు కూడా ఇవ్వగా, జబ్బు తిరగబెట్టడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది.