గాలిలోని జీవకణములు - వాని ఆనవాలు

గాలిలో తేలియాడు పుప్పొడి, బూజు బీజములు, సూక్ష్మజీవులు మన ఊపిరితో పాటు లోనికి పోవుచునే యుండును. వీనిని పట్టుట యొక యెత్తు. పట్టినదాని పేరు చెప్పుట వేరొక యెత్తు. మొదటిదానినుండి రెండవదానికి చేరుటకు శాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది.

1860లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్, మరగించిన పోషకద్రవము గల సీసాలను వేర్వేరు తావుల తెరచి, మరల మూసెను. జురా కొండల దిగువ తెరచిన 20 సీసాలలో 8 చెడినవి. ఆల్ప్స్ పర్వతముల మంచుపై తెరచిన 20లో ఒక్కటియే చెడినది. జీవబీజములు గాలిలో కలవనియు, అన్నిచోట్ల సమముగా లేవనియు దీనివలన తేలినది.

మన దేశమున కలకత్తాలో డి. డి. కన్నింగ్‌హాం అను వైద్యాధికారి, గాలివాలునకు తిరుగు పరికరమున గ్లిసరిన్ పూసిన గాజుపలకనుంచి, జైలు ఆవరణలలోని గాలిని పరీక్షించెను. ఆయన నివేదిక 1873లో వెలువడినది. బీజముల సంఖ్యకును, కలరా మొదలగు వ్యాధులకును సంబంధము కానరాలేదని అందు స్పష్టముగా వ్రాసెను. సూక్ష్మదర్శినిలో ఆకారము కనబడును గాని, చాలవానికి ఆకారమొక్కటే ఆనవాలు కాజాలదు.

ఆ లోటును తీర్చుటకు వచ్చినది మాస్ స్పెక్ట్రోమీటరు. అనగా అణువులను బరువును బట్టి వేరుపరచు యంత్రము. 1919లో ఇంగ్లండున ఆస్టన్ దీనిని నిర్మించెను. 1975లో అమెరికాలో అన్‌హాల్ట్, ఫెన్‌సెలావ్ అనువారు దీనితో బాక్టీరియాలను గుర్తింప యత్నించిరి. ప్రోటీనుల వంటి పెద్ద అణువులను చెదరకుండ తూచు విధానములకు గాను ఫెన్, తనాకాలకు 2002లో నోబెల్ బహుమతి లభించినది.

2001లో అమెరికాలో ఆంథ్రాక్సు పొడి నింపిన ఉత్తరములవలన ఐదుగురు మరణించిరి. నమూనాను పెంచి చూచునంతలో ప్రాణములు పోవచ్చునని లోకము గ్రహించినది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాల వారు రూపొందించిన పద్ధతిలో, గాలిలోని ఒక్కొక్క కణమును లేజరు కిరణము తాకి విద్యుదావేశము గల శకలములుగ చేయును. తేలికవి ముందు, బరువైనవి వెనుక గమ్యము చేరును. ఆ క్రమమును పూర్వము సేకరించిన నమూనాలతో పోల్చి, క్షణములలో ఆనవాలు పట్టుదురు.

అయినను జాబితాలో లేనిదాని పేరు యంత్రము చెప్పజాలదు. కణము బ్రతికియున్నదో లేదో తెలుపుటయు దానికి సులభము కాదు. యంత్రమెంత వేగవంతమైనను, కనబడినదానిని కనబడినట్లు, లేనిదానిని లేదని నమోదుచేయు ఓపిక గలవారి కృషియే దానికి ఆధారము.