హెలికాప్టర్‌లో చోటు

1971 డిసెంబర్ 16. ఢాకా ఇంకా తెల్లారలేదు. చుట్టూ భారత సైన్యం, ముక్తిబాహిని. ఆ చీకట్లో కొన్ని హెలికాప్టర్లు లేచి బర్మా వైపు వెళ్లిపోయాయి. అందులో పాకిస్తాన్ మేజర్ జనరల్ రహీంఖాన్ ఉన్నాడు. ఆ సాయంత్రమే రమ్నా రేస్‌కోర్స్‌లో జనరల్ నియాజీ లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టాడు. సుమారు 93 వేల మంది బందీలయ్యారు.

రహీంఖాన్ తన వాళ్లను వదిలిపోవడం అదే మొదలు కాదు. డిసెంబర్ 8న, శత్రువు దగ్గరికొస్తున్నాడని చాంద్‌పూర్‌లో తన డివిజన్ హెడ్‌క్వార్టర్‌ను ఖాళీ చేశాడు. పగటిపూట నదిమీద పోవద్దని నౌకాదళం వాళ్లు చెప్పినా వినలేదు. విమానాలు కాల్పులు జరిపాయి. 14 మంది నావికులు, నలుగురు అధికారులు చనిపోయారు. ఆయనా గాయపడ్డాడు. గాయపడ్డవాణ్ణి పంపితే తప్పేంటని అడగొచ్చు. కానీ అవే హెలికాప్టర్లలో వెళ్లాల్సిన నర్సులు వెనకే ఉండిపోయారని, అక్కడే ఖైదీ అయిన మేజర్ సిద్దిఖ్ సాలిక్ రాశాడు. హాస్టల్ నుంచి వాళ్లను టైముకి తీసుకురాలేకపోయారట!

హమూదుర్ రహ్మాన్ కమిషన్ చాంద్‌పూర్ వ్యవహారాన్ని సిగ్గుమాలిన పిరికితనమంది. కోర్టుమార్షల్ చేయమంది. చేయలేదు. 1974 నాటి ఆ రిపోర్టు 2000 దాకా జనం కంటపడనే లేదు. ఆ జస్టిస్ కూడా బెంగాలీ ముస్లిమే.

ఆ సైన్యం కోసం నేను ఏడవడం లేదు. ఇస్లాంని కాపాడుతున్నామంటూ అది హిందువుల్నీ చంపింది, నమాజు చేసే బెంగాలీ ముస్లింలనీ చంపింది. నా బాధ బిహారీల గురించి. 1947లో బీహార్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొచ్చిన ఉర్దూ ముస్లింలు వాళ్లు. సైన్యాన్ని నమ్మారు. కొందరు రజాకార్లయ్యారు, చేతులకు రక్తం అంటించుకున్నారు. సైన్యం లొంగిపోగానే పగ మాత్రం అందరిమీదా పడింది.

రజాకార్ అనే మాట మనకూ తెలుసు కదా. హైదరాబాద్‌లో ఆ రజాకార్లను నడిపిన కాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1948లో మరాఠ్వాడా పల్లెల్లో ఇళ్లు తగలబడ్డ ముస్లింలు ఎక్కడికి పోతారు? వాళ్లలో ఎందరికి రజ్వీ ముఖమైనా తెలుసు?

పాకిస్తాన్ తన సైనికులను 1974కల్లా వెనక్కి తీసుకుపోయింది. బిహారీల్లో కొందరినే తీసుకుంది. మిగిలినవాళ్లు ఢాకా మొహమ్మద్‌పూర్ జెనీవా క్యాంపు లాంటి చోట్ల ఇరుకు గదుల్లో పిల్లల్ని కన్నారు, పెంచారు, ముసలివాళ్లయ్యారు. వాళ్లూ బంగ్లాదేశ్ పౌరులేనని అక్కడి హైకోర్టు చెప్పేసరికి 2008 వచ్చింది.