రూపాయి నడిచిన కువైట్, దినారు వెంట నడిచిన మనం



"కువైట్‌లో బతుకు బాగుంటాదా, మన దేశంలో బాగుంటాదా?" అని మమ్మల్ని అడగని మనిషి లేడు. దినారుకు ఎన్ని రూపాయలో లెక్కేసి జవాబు చెప్పేస్తుంటాం. కొంచెం పాత చరిత్ర చూస్తే ఆ జవాబు చాలదని తెలుస్తాది.

ఒకప్పుడు కువైట్‌లో నడిచింది మన రూపాయే. అప్పట్లో ఇది బ్రిటిష్ వాళ్ల నీడలో ఉన్న చిన్న రేవు. నది లేదు, చెరువు లేదు. తాగే నీళ్లు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చి అమ్మేవాళ్లు. మగవాళ్లు వేసవంతా సముద్రంలో మునిగి ముత్యాలు ఏరేవాళ్లు. పడవ పెద్ద దగ్గర చేసిన అప్పు తీరక మరుసటి ఏడు మళ్లీ మునిగేవాళ్లు. ఇక్కడి పడవలు ఖర్జూరాలు తీసుకుని బొంబాయికి, కాలికట్‌కు వచ్చి బియ్యం, టేకు కొనుక్కుపోయేవి. జపాన్ పెంపకం ముత్యాలు మార్కెట్లోకి వచ్చాక, 1930ల్లో ముత్యాల వ్యాపారం కూలిపోయింది.

1938లో బుర్గాన్‌లో చమురు పడింది. యుద్ధం అయ్యాక 1946లో మొదటి ఓడ కదిలింది. 1953లో సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు వచ్చింది. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చేసింది. 1961లో కువైట్‌కు స్వాతంత్ర్యం వచ్చింది, రూపాయి పోయి దినారు వచ్చింది. ఆరోజు దినారుకు 13 రూపాయల చిల్లర. ఇప్పుడు 270 దాటింది.

ఆ తేడా వెంటే రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి మనోళ్లు వచ్చినారు. డ్రైవర్లు, మేస్త్రీలు, ఇళ్లలో ఖద్దామాలు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగితే, సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. యుద్ధం ముగిసింది, మనోళ్లు మళ్లీ వచ్చినారు. ఊర్లో అప్పులు అట్లనే ఉన్నాయి కదా.

ఇక్కడ రోడ్లు బాగుంటాయి, బయట 50 డిగ్రీలున్నా లోపల చల్లగా ఉంటాది. కువైటీలకు బడి, ఆసుపత్రి ఉచితం, ఆదాయపు పన్ను లేదు. నిజమే. కానీ అది జనాభాలో మూడో వంతు మంది బతుకు. మన బతుకు అకామా మీదుండే నంబరును బట్టి ఉంటాది. 20 అంటే ఇంటిపని, 18 అంటే కంపెనీ. ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికో రోజు సెలవని 2015లో చట్టం వచ్చింది. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. 2024లో ఫ్యామిలీ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు కనీసం 800 దినార్ల జీతం ఉండాలన్నారు. అంత జీతం మనలో ఎంతమందికి ఉంది? అదే ఏడాది జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల బిల్డింగు కాలి 45 మంది భారతీయులు పోయారు. వాళ్లలో ముగ్గురు మన ఆంధ్రోళ్లు.

డబ్బు లెక్కలో కువైటే గెలుస్తాది. ఆ డబ్బుతోనే అప్పులు తీరాయి, పిల్లలు చదివారు, ఇళ్లు లేచాయి. ఎవరూ కాదనలేరు. కానీ పిల్లలతో గడిపిన రోజులు లెక్కేస్తే మనం ఓడిపోయాం.

ముత్యాల కోసం మునిగినవాళ్ల పిల్లల బతుకు ఎట్లా మారింది? సొంత గడ్డ మీదకే నీళ్లు, బడి, ఆసుపత్రి వచ్చాక మారింది. ఈరోజు అప్పు కోసం మునిగేవాళ్లం మనం. మనకు కువైట్ అంత చమురు లేదు, సరే. నీళ్లు, మంచి బడి, మంచి ఆసుపత్రి అడగడానికి చమురు అక్కర్లేదు. ఓట్లకు వచ్చినోళ్లను అవే అడగండి.

అంతవరకూ వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు వస్తూనే ఉంటారు. ఏజెంటును జీతం ఒక్కటే అడగొద్దు. ఏ నంబరు అకామా, ఎన్ని గంటల పని, సెలవు ఏ రోజు, పడుకునే చోటు ఎట్లుంటాది, అన్నీ అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే విమానం ఎక్కండి.