ఖాళీ దీవార్ల నడుమ మౌసిఖీ

తస్వీర్ల మధ్య కచేరీ అనగానే నాకు తస్వీర్లే లేని ఓ గ్యాలరీ యాదికొస్తుంది. అది లండన్‌లోని నేషనల్ గ్యాలరీ. 1939లో జంగ్ మొదలవగానే బాంబుల ఖౌఫ్‌తో అక్కడి చిత్రాలను ఎక్కువగా వేల్స్‌కు తరలించారు. దీవార్లు బోసిపోయాయి. అప్పుడు పియానో విద్వాంసురాలు మైరా హెస్, మధ్యాహ్నం పూట ఇక్కడ కచేరీలు పెడదామన్నారు. డైరెక్టర్ కెన్నెత్ క్లార్క్ సరేనన్నారు.

అక్టోబర్ 10న తొలి కచేరీ. టికెట్ ఒక్క షిల్లింగ్. కొద్దిమందే వస్తారనుకుంటే వెయ్యిమంది దాకా వచ్చారు. ఆమె యూదు ఇంటి బిడ్డ. జంగ్ జర్మనీతో. అయినా ఆ రోజు వాయించినవాటిలో బాక్, బీథోవెన్ సంగీతం ఉంది. ఇద్దరూ జర్మన్లే! దుష్మన్ హిట్లర్ గానీ బాక్ కాదు కదా.

బాంబులు కురిసిన రోజుల్లో నేలమాళిగలో వాయించారు. 1942 నుంచి నెలకో తస్వీర్‌ను వెనక్కి తెచ్చి చూపించారు. 1946 ఏప్రిల్ దాకా మొత్తం 1,698 కచేరీలు జరిగాయి.

ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో రాస్తున్నవాణ్ణి. 'ఉర్దూ మీది, తెలుగు మాది' అనే మాట చాలాసార్లు విన్నాను. మైరా హెస్ బాక్‌ను హిట్లర్‌కు వదిలేయలేదు. మన పిల్లలు కూడా ఈ రెండు జబాన్లలో దేన్నీ ఎవరికీ వదిలేయొద్దు.