వెన్నుపాము గాయం - శరీర మార్పులు

వెన్నుపాము మెదడుకు, మిగిలిన శరీరానికి మధ్య సంకేతాలను చేరవేసే నాడుల కట్ట. ఇది దెబ్బతిన్నప్పుడు ఆ స్థానానికి దిగువన కదలిక, స్పర్శ పూర్తిగా గాని కొంతవరకు గాని పోతాయి. దీనినే వెన్నుపాము గాయం అంటారు. నడక పోవడం అందరికీ కనిపించే నష్టం. నొప్పి తెలియకపోవడం దానికంటె ప్రమాదకరమైనది. ఎముక విరిగినా, చర్మం కాలినా, మూత్రాశయం నిండి ఉబ్బినా రోగికి బాధ తెలియకపోవచ్చు. ఆ సమాచారం చెమట, తలనొప్పి, కాళ్ళ బిగువు, జ్వరం వంటి రూపాలలో బయటపడుతుంది.

== కారణాలు ==
రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుండి పడిపోవడం ముఖ్య కారణాలు. గుంటూరు జిల్లాలోని కాకుమాను, దాని చుట్టూ ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వంటి డెల్టా పల్లెలలో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులకు ఈ ముప్పు ఎక్కువ. పడినవారిని చేతులు, కాళ్ళు పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెడితే పాక్షికమైన గాయం పూర్తి గాయంగా మారవచ్చు. మెడ, నడుము కదలకుండా బల్లపై పడుకోబెట్టి తరలించాలి.

== తొలి వారాలు ==
గాయమైన కొత్తలో కాళ్ళు మెత్తగా వేలాడిపోతాయి. దీనిని స్పైనల్ షాక్ అంటారు. కొన్ని రోజులు లేదా వారాల తరువాత కాళ్ళు వాటంతటవే ఎగిరిపడడం, బిగుసుకోవడం మొదలవుతుంది. కుటుంబసభ్యులు దీనిని చూసి కాళ్ళు తిరిగి వస్తున్నాయని సంతోషించడం కద్దు. కాని ఇవి మెదడు ప్రమేయం లేకుండా వెన్నుపాము తనంతట తాను జరిపే ప్రతీకార చర్యలు మాత్రమే. తలచినప్పుడు కదిలితేనే అది కోలుకోవడం అవుతుంది.

== అటనామిక్ డిస్‌రిఫ్లెక్సియా ==
ఛాతీ భాగపు 6వ నాడీఖండం వద్ద గాని, అంతకంటె పైన గాని గాయమైనవారికి వచ్చే అత్యవసర స్థితి ఇది. దిగువన ఏదైనా ఇబ్బంది కలిగినప్పుడు రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. దానిని తగ్గించమని మెదడు పంపే సంకేతాలు గాయాన్ని దాటి కిందికి పోలేవు. తల పగిలిపోతున్నంత నొప్పి, ముఖం ఎర్రబడడం, గాయానికి పైన చెమట, ముక్కు దిబ్బడ, కింద చర్మం చల్లబడి రోమాలు నిక్కబొడుచుకోవడం దీని లక్షణాలు. నిర్లక్ష్యం చేస్తే మెదడులో రక్తస్రావం, మరణం సంభవించవచ్చు.

ఇక్కడ వైద్యసిబ్బంది సైతం పొరబడే అవకాశముంది. ఇటువంటి రోగులలో పై రక్తపోటు మామూలుగానే 90 - 110 మధ్య ఉంటుంది. కనుక 140 అన్న అంకె ఇతరులకు పెద్దగా భయపడవలసినది కాకున్నా, వీరికి ప్రమాద సూచన. తలనొప్పి అన్నవారిని పడుకోబెట్టడం మన అలవాటు. ఈ స్థితిలో పడుకోబెడితే రక్తపోటు ఇంకా పెరుగుతుంది. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి వేలాడనిచ్చి, బిగుతు బట్టలు వదులు చేయాలి. తరువాత కారణం వెదకాలి. చాలాసార్లు కాథెటర్ గొట్టం మెలితిరిగి మూత్రం నిలిచిపోయి ఉంటుంది. మలబద్ధకం, పుండు, చివరకు మాంసంలోకి పెరిగిన కాలిగోరు కూడా కారణం కావచ్చు. గర్భిణులలో ప్రసవ వేదన తెలియక, ఈ లక్షణాలే తొలి సూచన కావచ్చు. కారణం దొరకకున్నా, లక్షణాలు తగ్గకున్నా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి.

== ఇతర మార్పులు ==
మూత్రంలో మంట తెలియదు కనుక మూత్రం మబ్బుగా మారడం, కాళ్ళ బిగువు అకారణంగా పెరగడం ఇన్ఫెక్షన్‌కు గుర్తులు. ఒక కాలు మాత్రమే వాస్తే సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. తొడ వేడెక్కి వాచి తుంటి కీలు వంగకపోతే, అక్కడి కండరాలలో కొత్త ఎముక పెరుగుతూ ఉండవచ్చు. ఎముకలు గుల్లబారడం వలన మంచం నుండి కుర్చీలోకి మారేటప్పుడు కూడా కాలు విరగవచ్చు.

పిరుదులు, త్రికాస్థి, మడమల వద్ద ఒత్తిడి పుండ్లు పుడతాయి. నొక్కినా పోని ఎరుపు మొదటి గుర్తని పుస్తకాలు చెబుతాయి. నల్లని చర్మంపై ఎరుపు సులభంగా కనిపించదు, కనుక వేడి, గట్టిదనం చేతితో తాకి చూడాలి.

ఏళ్ళ తరువాత చేతులలో కొత్తగా నొప్పి, బలహీనత, వేడి-చల్లదనం తెలియకపోవడం కలిగితే వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడి ఉండవచ్చు. దీనిని సిరింగోమైలియా అంటారు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో ఇది తెలుస్తుంది.

గాయం పైభాగాన ఉన్నవారికి దాని దిగువన చెమట పట్టదు. వైశాఖ జ్యేష్ఠాలలో కోస్తా ఎండకు వీరి శరీరం ఇన్ఫెక్షన్ లేకుండానే కాలిపోవచ్చు. నీడ, తడిబట్ట, గాలి అవసరం.

== చరిత్ర ==
1944లో ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించాడు. మూత్రాశయం నిండినప్పుడు రక్తపోటు పెరగడాన్ని 1947లో ఆయన, విటెరిడ్జ్ కలిసి వివరించారు. భారతదేశంలో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన డాక్టర్ మేరీ వర్ఘీస్ 1954లో కారు ప్రమాదంలో రెండు కాళ్ళు చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆమె కృషితో 1966లో వేలూరులో పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది.